టిప్పర్లు కొనేముందు ఒక మాట

చిరంజీవి శ్రీనుకి,

మావయ్య ఆశీస్సులు. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు ఉద్యోగం మానేసి పోలవరం జలవిద్యుత్ కేంద్రం పనుల్లో రెండు టిప్పర్లు, ఒక పొక్లెయిన్ పెడుతున్నావని చెప్పింది. దాని గొంతులో ఉన్నది సంతోషమో భయమో నాకు తెలీలేదు. నా సంగతీ అంతే. నా తర్వాత మన ఇంట్లో ఎవడూ ఆ దుమ్ములోకి దిగడనుకున్నాను. రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టక, లేచి ఇది రాస్తున్నాను.

పని మంచిదే. ఒక్కోటి 80 మెగావాట్ల చొప్పున 12 యూనిట్లు, మొత్తం 960. అంత పెద్ద పని తీసుకున్న కంపెనీ కూడా టిప్పర్లు, నీళ్ల ట్యాంకర్లు, సెంట్రింగ్, కూలీల మెస్సు, స్టాఫ్‌ని తిప్పే కార్లు బయటివాళ్లకే ఇస్తుంది. రాజమండ్రి వాడికి అందులో చోటు లేకపోతే ఇంకెవరికి ఉంటుంది?

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు), బండ్ల ఇన్సూరెన్స్, డ్రైవర్ల లైసెన్సులు నువ్వే చూసుకుంటావు. బీకాం చదివినవాడికి నేను జీఎస్టీ చెప్పడం కూడా ఎక్కువే. కానీ ఒక్కటి మర్చిపోకు. నువ్వు బిల్లు ఇచ్చిన నెలకి పన్ను, పై నెల 20కల్లా కట్టాలి. కంపెనీ నీకు డబ్బు ఇచ్చిందా లేదా అని ఎవరూ అడగరు. ఆ 18 శాతం ముందు నీ జేబులోంచే పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మ నీకు ఎప్పుడూ చెప్పి ఉండదు.

1996లో నేను శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ విద్యుత్ కేంద్రం పనుల్లో ఉన్నాను. ఈగలపెంటలో రేకుల షెడ్డు, రెండు పాత టిప్పర్లు, ఇరవై మంది పాలమూరు కూలీలు. సొరంగంలో పేల్చిన రాయిని బయటికి తోలడం నా పని. ఒకరోజు రాత్రి పెద్ద వాన. కొండ చరియ జారి దారికి అడ్డంగా పడింది. నేను ఎవరి కింద సబ్ కాంట్రాక్టు చేస్తున్నానో ఆ కంపెనీ ఇంజనీరు టార్చిలైటు పట్టుకుని షెడ్డుకొచ్చాడు. "పొద్దున్నే మొదలుపెట్టేయ్ రాజుగారూ, బిల్లులో నేను ఎక్కిస్తాను" అన్నాడు. మంచివాడే. ఈరోజుకీ నేను అతన్ని తప్పు పట్టను. పందొమ్మిది రోజులు చేశాం. ఏ రోజు ఎన్ని ట్రిప్పులో స్కూలు నోటుపుస్తకంలో నేనే రాసుకున్నాను, నా చేత్తో. ఎదుటివాడి సంతకం ఒక్క పేజీలోనూ లేదు.

నెల తిరిగేసరికి ఆయనకి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన నా పుస్తకం తిరగేసి, మూసి, బల్ల మీద నా వైపు తోశాడు. "ఇది ఎంబీలో లేదు కదండీ" అన్నాడు. అంతే. ఎంబీ అంటే కొలత పుస్తకం. అందులో ఎక్కని పని, జరగని పనే. రాయి తీసేసిన దారి మీదుగానే రోజూ జీపులో వస్తూ ఆ మాట అన్నాడు చూడు, అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

నేను ఇంటికి వచ్చేశాను. వారం తర్వాత మేస్త్రి వచ్చాడు, పెళ్లాంతో సహా, బస్సు దిగి నడుచుకుంటూ. తిట్టలేదు. "పైసలిచ్చేదాక పోను సారూ" అని అరుగు మీద కూర్చున్నాడు. మూడు రోజులు. మీ అమ్మ అప్పుడు నిన్ను తీసుకుని పుట్టింట్లోనే ఉంది. రెండు పూటలా వాళ్లకి అన్నం పెట్టింది. నాలుగో రోజు తన గేదెని సంతకి తోలించింది. నీకు రెండేళ్లు. ఆ పాలే తాగేవాడివి. తర్వాత కొన్నాళ్లు డబ్బా పాలు పట్టించారు, నువ్వు కక్కేవాడివి. అందుకే నువ్వు కాంట్రాక్టు అనగానే దాని గొంతు అలా అయింది. దాన్ని విసుక్కోకు.

కాబట్టి ఎవరు నోటిమాటగా ఎక్కువ పని చెప్పినా, బండి స్టార్ట్ చేసేముందే "సార్, మీరు చెప్పినట్టు ఫలానా చోట ఈ పని మొదలుపెడుతున్నాం" అని వాట్సాప్ పెట్టు, ఫొటోతో. సాయంత్రం ట్రిప్ షీట్ మీద వాళ్ల మనిషి సంతకం తీసుకో, కార్బన్ కాపీ నీ దగ్గర ఉంచుకో. మొహమాటపడితే గేదె గుర్తు తెచ్చుకో.

వర్క్ ఆర్డర్‌లో "మాకు వచ్చాకే మీకు" అనే అర్థం వచ్చే లైను ఎక్కడుందో వెతుకు. ఉంటుంది. చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకి మించి ఆపకూడదు. ఆపితే వడ్డీ కట్టాలి. చట్టం గట్టిదే. కానీ రేపు మళ్లీ పని ఇచ్చేవాడి మీద ఎవడు ఫిర్యాదు చేస్తాడు? నాలుగు నెలల లోను వాయిదాలు, డీజిలు, జీతాలు చేతిలో లేకపోతే రెండో టిప్పర్ కొనకు. ఒకటి కొను, ఇంకోటి అద్దెకి తీసుకో. పని లేక బండి ఆగిన రోజులకి ఎంతిస్తారో కూడా రాయించుకో. వరద రోజుల్లో నదిలో పని ఆగుతుంది, ఫైనాన్స్ వాడు ఆగడు.

గోదావరి ఒడ్డున పుట్టినవాడివి కాబట్టి వరద గురించి నీకు ధైర్యం ఎక్కువ. నా భయం అదే. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు. నువ్వు దానికోసం ఆగకు. నీళ్లు పెరుగుతున్నాయని తెలిసిన రోజే పొక్లెయిన్ గట్టెక్కాలి. 2022 జులైలో అక్కడ 71 అడుగులు దాటడం నువ్వూ చూశావు.

ఇంకోటి. సొరంగంలోకి నీ డ్రైవర్‌ని పంపాల్సి వస్తే, ముందు నువ్వు లోపలికి నడిచి వెళ్లి, బయటికి ఇంకో దారి ఉందో లేదో చూసి రా. నేను రాయి తోలిన ఆ ఎడమ గట్టు కేంద్రంలోనే 2020 ఆగస్టులో రాత్రిపూట మంటలొచ్చి తొమ్మిది మంది చనిపోయారు. తెల్లారేదాకా టీవీ ముందు నుంచి లేవలేదు నేను. మీ అత్తయ్య టీవీ కట్టేస్తే మళ్లీ పెట్టాను.

వర్క్ ఆర్డర్ వచ్చాక సంతకం పెట్టకుండా నాకు పంపు. అన్ని పేజీలూ, వెనక వైపు కూడా. కొత్త కళ్లద్దాలు తీసుకున్నాను, చిన్న అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి. అత్తయ్య రేపు రాత్రి బస్సులో ఆవకాయ పంపుతోంది. డ్రైవర్ నంబరు మెసేజ్ పెడతాను, పొద్దున్నే వెళ్లి తీసుకో. జాడీ మీ అమ్మదే, పోయినసారి తిరిగి ఇవ్వలేదని అది ఇప్పటికే నాలుగుసార్లు అడిగింది.

మీ మావయ్య