టమోటా ఉడికిస్తే దానికి ఎర్ర రంగునిచ్చే లైకోపీన్ పోతుందా? మాత్రలు వేసుకోవాలా?

పోదండీ, ఉడికిస్తేనే ఒంటికి బాగా పడుతుంది. ఇదే పంచాయితీ రెండేళ్ల కింద మా ఇంట్లోనూ నడిచింది. పలమనేరు దగ్గర ఇరవై ఏళ్లు టమోటా పండించిన మా నాయన, తిరుపతిలో ఎవరో చెప్పారని లైకోపీన్ మాత్రల డబ్బా కొనుక్కొచ్చాడు. పైగా రోజూ పరగడుపున రెండు టమోటాలు, ఉప్పు కూడా వేసుకోకుండా!

ఈ ఎర్ర రంగు పండు కణాల లోపల బిగుసుకుని ఉంటుంది, వేడి తగిలి ఆ గోడలు మెత్తబడితే బయటికొస్తుంది, వచ్చినా నీళ్లలో కరగదు, నూనె కావాలి. కారం వేయకుండా ఒట్టి టమోటా ముక్కలు నూనెలో మగ్గబెట్టి చూడండి, అంచుల్లో తేలే నూనె నారింజ రంగుకు తిరుగుతుంది. టమోటా కూర తీసుకెళ్లిన ప్లాస్టిక్ డబ్బాకు ఎంత తోమినా వదలని ఎర్ర మరకలో కూడా ఇది ఉంటుంది (ఎండలో పెట్టండి, వెలిసిపోతుంది). ఉడికిస్తే తగ్గేది విటమిన్ సి, కాబట్టి మీ భయం సగం నిజమే.

ఇంకో సంగతి. ఏప్రిల్, మే కాయలకు తొడిమ చుట్టూ పసుపు పచ్చగా ఉంటుంది చూడండి, 30 డిగ్రీలు దాటిన ఎండల్లో లైకోపీన్ సరిగా తయారవదు, పసుపు రంగునిచ్చే బీటా కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. ఇది తెలియక మా నాయన విత్తనం కల్తీదని అంగడాయనతో గొడవ పెట్టుకున్నాడు, మండీలోనేమో రంగు లేదని రేటు కోసేవాళ్లు.

మాత్రల విషయానికొస్తే, 2005లో అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ, ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు తగ్గొచ్చనడానికి టమోటాకే చాలా పరిమితమైన ఆధారం ఉందని చెప్పింది, లైకోపీన్ మాత్రల మీద ఆ మాట రాసుకోవడానికి ఒప్పుకోనే లేదు. ఇది విటమిన్ ఎ గా మారుతుందని కూడా కొందరు అమ్ముతారు, మారదు. ఆ పని క్యారెట్, మామిడిలోని బీటా కెరోటిన్‌ది. లైకోపీనే కావాలంటే పుచ్చకాయ, ఎర్ర జామ, ఎర్ర గుజ్జు బొప్పాయి ఉన్నాయి కదా, మాత్రల డబ్బు మిగులుతుంది.

పరగడుపున టమోటాలు మాత్రం వద్దు, మా నాయనకు గ్యాస్ట్రిక్ ఉందని ఆ నెలలోనే బయటపడింది.