ఎగిరింది కొలిచే ముందు అందింది కొలవాలి

పర్లాకిమిడి

అమ్మలూ,

గుణుపురం స్కూల్లో పీఈటీగా, అంటే వ్యాయామ టీచరుగా చేరావని తెలిసి ఇంట్లో అందరం సంబరపడ్డాం. వాలీబాల్ సెలక్షన్ల కోసం ఒక్కో పిల్లాడు ఎంత ఎగురుతాడో రాసివ్వమన్నారని, ఎలా కొలవాలని అడిగావు. అంకె రాయడం ఎంతసేపు! రెండు నెలలు పోయాక ఆ అంకెను నువ్వే నమ్మగలగాలి, తిప్పలంతా అక్కడే.

గోడతో మొదలుపెట్టు. సార్జెంట్ అనే అమెరికా వ్యాయామ గురువు 1921లో ప్రచురించిన పరీక్ష ఇది, ఇప్పటికీ పైసా ఖర్చు లేనిది ఇదే. పిల్లాణ్ణి గోడ పక్కన నిలబెట్టి, మడమలు నేలకి ఆనించి, చెయ్యి పైకి చాచమను. అక్కడ ఒక గుర్తు. ఎగిరి తాకిన చోట రెండో గుర్తు. మధ్యనున్నదే జంప్. మోసం జరిగేది మొదటి గుర్తు దగ్గరే. భుజం కాస్త దాచుకుని నిలబడితే ఎగరకుండానే నాలుగైదు సెంటీమీటర్లు కలిసొస్తాయి. కావాలని చేసేవాళ్లు తక్కువే, పిల్లలకి తెలియక కూడా అలా అవుతుంది. నువ్వు పక్కన నిలబడి, మోచేతి కింద చెయ్యి వేసి, ఇంక సాగదు అనేదాకా పైకి నెట్టు. వేళ్లకి సుద్దపొడి దట్టంగా పూయకు, మరక కిందికి జారుతుంది. చదివేటప్పుడు బల్ల ఎక్కి, కంటికి సమానంగా పెట్టుకుని, మరక పై అంచు చూడు.

జంప్ ఒక్కటే రాస్తే వాలీబాల్‌కి సగం లెక్కే. నిలబడి 2.10 మీటర్లు అందుకునేవాడు 60 సెంటీమీటర్లు ఎగిరితే 2.70 తాకుతాడు. 2.30 అందుకునేవాడు 45 ఎగిరినా 2.75 తాకుతాడు. మగవాళ్ల నెట్ 2.43, ఆడవాళ్లది 2.24. బంతి తగిలేది నెట్ పైన చెయ్యి ఎక్కడ ఉందో అక్కడ. కాబట్టి మూడు గడులు గియ్యి: నిలబడి అందింది, ఎగిరి అందింది, తేడా. ఎదిగే వయసు పిల్లలు, మొదటి గడి కూడా ప్రతిసారీ కొత్తగా కొలవాలి.

తర్వాత స్మాష్ జంప్, అంటే బంతిని అవతలికి గట్టిగా కొట్టడానికి పరుగెత్తుకొచ్చి ఎగిరేది. పరుగెత్తుకొచ్చి గోడ దగ్గర ఎగిరితే మోకాళ్లు పగులుతాయి. ఒక పొడుగాటి కర్రకి అడ్డంగా రెండేసి సెంటీమీటర్ల ఎడంతో గుడ్డపేలికలు కట్టి, కర్రని గట్టిగా నిలబెట్టి, కదిలిన వాటిలో అన్నిటికన్నా పైదాన్ని లెక్కలోకి తీసుకో. ఇక్కడ నాకు బాగా ఇష్టమైన విషయం ఒకటుంది. నిలబడి ఎగిరినదానికీ, అడుగులు వేసి ఎగిరినదానికీ పెద్ద తేడా రాకపోతే ఆ పిల్లాడికి కాళ్ల బలం చాలదని వెంటనే గుంజీలు తీయించకు. ఆఖరి రెండు అడుగులు చూడు, చేతులు వెనక్కి వెళ్తున్నాయో లేదో చూడు. చాలావరకు తప్పు అక్కడే దొరుకుతుంది. బ్లాక్ జంప్, అంటే అవతలివాళ్లు కొట్టిన బంతిని నెట్ దగ్గర చేతులతో అడ్డుకోవడానికి ఎగిరేది, వేరే కొలత. చేతులు ఛాతీ ముందు పెట్టుకుని, ఊపు లేకుండా ఎగరాలి, ఆటలో బ్లాక్ చేసేటప్పుడు ఊపు తీసుకునే తీరిక ఎక్కడుంటుంది?

ఫోన్ ఉంది కదా అన్నావు. వాడుకో, కానీ సెకనుకు 240 ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు, తీసే స్లో మోషన్‌లోనే. కాలు నేల వదిలిన ఫ్రేమ్ నుంచి తిరిగి తాకిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టి, 240తో భాగిస్తే గాల్లో ఉన్న సమయం సెకన్లలో వస్తుంది. దాన్ని దానితోనే హెచ్చించి, 122.6తో గుణించు, సెంటీమీటర్లు వస్తాయి. 120 ఫ్రేములైతే అర సెకను, అంటే దాదాపు 30.6. మామూలు వీడియో సెకనుకు 30 ఫ్రేములే, అందులో ఒక్క ఫ్రేమ్ తప్పినా నాలుగు సెంటీమీటర్లు అటూ ఇటూ అయిపోతుంది. దిగేటప్పుడు మోకాళ్లు ముడిచి దిగితే ఆలస్యంగా నేల తాకి, దొంగ ఎత్తు చూపిస్తుంది. కాళ్లు చాపి దిగమను, నేల తగిలాకే మోకాళ్లు వంచమను. గోడ అంకె, ఫోన్ అంకె ఒకటి కావని కంగారుపడకు. నేల వదలకముందే మడమ లేచిన ఎత్తు గోడ లెక్కలో కలుస్తుంది, ఫోన్ లెక్కలో కలవదు. రెండూ కలిపి ఒకే గడిలో రాయకపోతే చాలు.

మూడు ఛాన్సులు, మధ్యలో కనీసం నిమిషం విశ్రాంతి, మంచిది రాసుకో. ఒళ్లు వేడెక్కాక సాయంత్రం జంప్ కాస్త ఎక్కువే వస్తుంది, అందుకని ఒకసారి పొద్దున్న, ఒకసారి సాయంత్రం పెట్టకు. అదే నేల, అవే బూట్లు. బూట్లు లేనివాళ్లు ఎప్పుడూ వట్టికాళ్లతోనే ఎగరాలి. వానకి మెత్తబడిన మట్టి కోర్టులో ఆ రోజు పరీక్ష మానెయ్యి. కొండ ఊళ్ల నుంచి నడిచొచ్చే పిల్లల్ని రాగానే ఎగరమనకు, కూర్చోనివ్వు. తెలుగు, ఒడియా, సవర మాట్లాడే పిల్లలు కలిసుంటారు కాబట్టి నోటితో చెప్పడం కన్నా నువ్వే ఒకసారి ఎగిరి చూపించు.

వారం వారం కొలవడం దండగ. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చాలు, ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగితే పెరిగిందనుకోకు, అది కొలతలో వచ్చే తేడాయే కావచ్చు. మోకాలిచిప్ప కింద నొప్పి అన్నవాణ్ణి ఆ రోజు ఎగరనివ్వకు, ఎగురుతానని బతిమాలినా సరే. అందరి అంకెలూ గట్టిగా చదివి వినిపించే అలవాటు మాత్రం నాకు నచ్చదు, వెనకబడ్డవాడు మర్నాడు గ్రౌండుకే రాడు.

గుడ్డ టేపు కొనకు, సాగుతుంది. ఉక్కు టేపు తీసుకో. మొదటి నలుగురి వీడియోలు నాకు పంపు, నేనూ ఇక్కడ ఫ్రేములు లెక్కపెడతాను. నీ లెక్కా నా లెక్కా కలిస్తేనే మిగతావాళ్లని మొదలుపెట్టు.

నీ పెదమావయ్య