ఉస్తాద్ దగ్గర మసి పని

ప్రశ్న: తుపాకుల రిపేరు ముంగేర్‌లో నేర్చుకున్నానని ఒకసారి రాశారు. మీకు నేర్పినాయన ఈమధ్య పోయారని విన్నాం. ఆయన గురించి చెప్తారా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అవునండీ, మొన్న చలికాలంలో పోయారు. మా ఇద్దరికీ ఇరవై ఏళ్ల తేడా, అయినా సాయంత్రం షట్టర్ దించాక టీకొట్టు దగ్గర దోస్తులం, పొద్దున్నే మళ్లీ ఆయన ఉస్తాద్. ముంగేర్ బిహార్‌లో గంగ ఒడ్డున ఉంది. 1760లలో బెంగాల్ నవాబు మీర్ ఖాసిం ముర్షిదాబాద్ నుంచి రాజధానిని అక్కడికి మార్చి ఆయుధాల తయారీ పెట్టించాడు, ఆ పనితనం ఇంకా ఆ ఊళ్లో ఉంది. (దొంగ తుపాకుల వార్తలతో ఊరి పేరు పాడైంది. ఆ మాటెత్తితే లైసెన్సున్న కార్ఖానాల వాళ్లకి ఒళ్లు మండుతుంది, ఉస్తాద్‌కైతే మరీ.)

మొదటి ఆరు నెలలు నాకు ఆకురాయి తప్ప ఇంకేం ఇవ్వలేదు. డబుల్ బారెల్‌ని (జంట గొట్టాల్ని) యాక్షన్‌లో, అంటే గొట్టాల వెనక కొస వచ్చి కూర్చునే ఇనుప భాగంలో, కూర్చోబెట్టేటప్పుడు కిరోసిన్ దీపం పొగ పట్టించి, మూసి, తెరిచి చూసేవారు. మసి ఎక్కడ అంటితే అక్కడ ఎత్తున్నట్టు, అక్కడ మాత్రమే ఆకురాయితో ఒక్క గీటు, మళ్లీ మసి, మళ్లీ మూయడం, ఎన్నిసార్లైనా సరే. ఓసారి తొందరపడి రెండు గీట్లు ఎక్కువ గీశాను, సందు పడింది. తిట్టలేదు. సన్న కాగితం ముక్క ఆ సందులో దూర్చి, తుపాకీ నా చేతిలో పెట్టి టీకి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

వాళ్లబ్బాయి ఆయన ఆకురాయి ఒకటి నాకు పంపాడు. పిడి మీద బొటనవేలు ఆనేచోట చెక్క అరిగి గుంట పడింది, నా వేలికి సరిపోవట్లేదు.