నీళ్లు తాగితే దగ్గు రాలేదు, జ్వరం మాత్రం తిరగబెడుతోంది

దగ్గు రాలేదంటే మింగుడు బాగుందని కాదు. మీరు అడిగిన, కావలిలో చూస్తున్న పక్షవాతం పెద్దాయన మింగుడు పరీక్షలో 90 మి.లీ. నీళ్లు దగ్గకుండా తాగినా జ్వరం మళ్లీ వస్తోందంటే, ముందు అనుమానించాల్సింది సైలెంట్ ఆస్పిరేషన్, అంటే దగ్గు లేకుండానే నీళ్లు, తిండి ఊపిరితిత్తుల వైపు పోవడం. గొంతులో స్పర్శ తగ్గితే నీళ్లు శ్వాసనాళంలోకి దిగినా దగ్గు రాదు.

1. ఈరోజే డాక్టరుకు చెప్పండి. నోటితో ఏం ఇవ్వచ్చో ఆయన చెప్పేదాకా మళ్లీ తాగించకండి.

2. డాక్టరు సరేనన్నాక చెంచాతో మొదలుపెట్టండి. మింగకముందు "ఆ..." అనిపించి గొంతు వినండి, మింగాక మళ్లీ అనిపించండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఒక నిమిషం ఆగి ఇంకోసారి అనిపించాలి. నీళ్లు నిండినట్టు గరగరమంటే ఆపేయండి.

3. గొంతు స్పష్టంగా ఉన్నా నిశ్చింత వద్దు. మంచం పక్కన చేసే పరీక్షతో ఇది తేలదు. ఫీస్ (FEES, ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి మింగుడు చూసే పరీక్ష) గానీ వీడియోఫ్లోరోస్కోపీ (మింగుతుండగా తీసే ఎక్స్‌రే వీడియో) గానీ రాయించండి. అది చూడకుండా చిక్కటి ద్రవాలు మొదలుపెట్టకండి.

4. ఇంట్లో ఏం పెడుతున్నారో అడగండి. మెత్తగా ఉంటుందని చారన్నం, పలుచటి చేపల పులుసన్నం పెడుతుంటారు. మెతుకులు నోట్లో ఉండగానే పులుసు గొంతులోకి జారిపోతుంది.

5. రోజూ పళ్లు, నాలుక శుభ్రం చేయించండి. నోట్లోని క్రిములే ఊపిరితిత్తులకు చేరతాయి.