కారు పనికి ఆరు మూలల సాకెట్టా, పన్నెండు మూలలదా?

బరంపురం, ఛత్రపురం వైపు కారు పనికి సాకెట్ సెట్ (నట్టు, బోల్టు తలపై తొడిగి తిప్పే గిన్నెల్లాంటి పనిముట్లు) కొనేవాళ్లు ఆరు మూలలదే తీసుకోవాలి. అది నట్టు పక్కలకు ఆనుకొని తిప్పుతుంది. పన్నెండు మూలలది నట్టు అంచుల దగ్గరే పట్టుకుంటుంది కాబట్టి గట్టిగా లాగితే ఆ అంచులు అరిగి నట్టు గుండ్రంగా తయారవుతుంది. గోపాల్‌పూర్ ఉప్పుగాలికి తుప్పెక్కి బిగుసుకుపోయిన సైలెన్సర్ బోల్టే చూడండి. ఒక్కసారి దాని మూలలు పోయాయంటే ఇక మామూలు పానాకు లొంగదు, కోసి తీయాల్సి రావచ్చు.

మూలలు ఎక్కువుంటే పట్టు ఎక్కువని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పన్నెండు మూలల వల్ల లాభం వేరు: 60 డిగ్రీలకు బదులు 30 డిగ్రీలు తిప్పగానే మళ్లీ తగిలించుకోవచ్చు. ఇరుకు చోట రింగు పానాకు అది నిజంగా మేలు. సాకెట్‌కు రాచెట్ (నట్టు మీద నుంచి తీయకుండానే ముందుకూ వెనక్కూ ఆడిస్తూ బిగించే పిడి) ఉంటుంది కనుక ఆ అవసరం దాదాపు రాదు.