ఇంగ్లీషు కథలో ‘షి’ ఎవరు?

చిరంజీవికి,

నీ ఇంగ్లీషు కథ చదివాను. తల్లీకూతుళ్ల మధ్య నువ్వు చూపించిన మౌనం బలంగా ఉంది. కానీ ఉత్తరం సన్నివేశం దగ్గర నాకు దారి తప్పింది. తల్లి కూతురి వైపు చూసింది, ‘షి’ కళ్లు తుడుచుకుంది, ‘హర్’ చేతిలో ఉత్తరం ఉంది, ‘షి’ దాన్ని చింపేసింది అని రాశావు. చింపింది ఎవరు? తల్లి చింపితే అది కోపం. కూతురు చింపితే అది క్షమ. కథంతా ఆ ఒక్క పని మీదే నిలబడి ఉంది, అది ఎవరి పనో పేజీలో ఎక్కడా లేదు.

నీకు మాత్రం తెలుసు. రాస్తున్నప్పుడు ఆ ఇద్దరూ నీ కళ్లముందు కదులుతుంటారు కాబట్టి ‘షి’ అనగానే నీకు ముఖం కనిపిస్తుంది. చదివేవారికి అక్షరాలు తప్ప మరో ఆధారం లేదు. సర్వనామం ఏ నామవాచకం బదులు నిలబడిందో దాన్ని ఇంగ్లీషు వ్యాకరణంలో యాంటిసిడెంట్ అంటారని నీకు పాఠాల్లో చెప్పే ఉంటారు. దగ్గరలో ఉన్న నామవాచకమే యాంటిసిడెంట్ అని కూడా చెప్పి ఉంటారు. దాన్ని పూర్తిగా నమ్మకు. చాలాసార్లు పాఠకులు దగ్గరి పేరును వదిలేసి, ముందు వాక్యంలో కర్తగా ఉన్న మనిషినే ‘షి’గా తీసుకుంటారు. నీ వాక్యాల్లో దగ్గరి పేరు కూతురు, కర్త తల్లి. అందుకే చదివేవారు రెండు వైపులా లాగబడతారు.

ఈ పొరపాటు తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవారికి ఎక్కువగా ఎదురవుతుంది. దానికి కారణం మన భాషలోని సౌకర్యాలే. తండ్రీకొడుకుల కథ తెలుగులో రాస్తే ‘ఆయన’ అంటే తండ్రి, ‘వాడు’ అంటే కొడుకు. పేజీలకు పేజీలు పేర్లు లేకుండా నడిపించవచ్చు. ఇంగ్లీషులో ఇద్దరూ ‘హి’నే. రవి మోహన్‌కి తన పుస్తకం ఇచ్చాడంటే ఆ పుస్తకం రవిదని మనకు సందేహం రాదు, ఎందుకంటే ‘తన’ కర్తను పట్టుకుని ఉంటుంది. ఇంగ్లీషు ‘హిజ్’కి ఆ పట్టు లేదు, అది రవి పుస్తకం కావచ్చు, మోహన్ పుస్తకం కావచ్చు, ఇంతకుముందు వచ్చిన మూడో మనిషిదీ కావచ్చు. పైగా మనం ‘వచ్చింది, కూర్చుంది, ఏడ్చింది’ అని కర్తను చెప్పకుండానే క్రియలు పేర్చుకుంటూ పోతాం. ఇంగ్లీషులో కొత్త వాక్యానికి దాదాపు ప్రతిసారీ కర్త కావాలి. అలా ‘షి’లు పెరుగుతూ పోతాయి, వాటిని విడదీసే సాధనాలు మాత్రం తగ్గిపోతాయి.

మరి ఏం చేయాలి? మొదటిది, పేరు మళ్లీ రాయడానికి సంకోచించకు. ఒకే మాట రెండుసార్లు రాకూడదని బడిలో నేర్పిన నియమం ఇక్కడ హాని చేస్తుంది. పేరు తప్పించాలని ‘ఆ వృద్ధురాలు’, ‘ఆ యువతి’ లాంటి మాటలు తెచ్చావా, గదిలోకి కొత్త మనిషి వచ్చిందేమోనని చదివేవారు వెతుక్కుంటారు. పేరే మంచిది. పేర్లు మరీ ఎక్కువయ్యాయనిపిస్తే వాక్యాన్ని విప్పి మళ్లీ కట్టు: ఒక పేరా మొత్తం ఒకరినే కర్తగా ఉంచు, లేదా పరోక్షంగా చెప్పిన మాటను కొటేషన్లలో నేరుగా పలికించు. పాత్ర స్వయంగా ‘ఐ’ అన్న క్షణంలోనే సగం అయోమయం పోతుంది.

‘దిస్’, ‘విచ్’ విషయంలోనూ జాగ్రత్త. అంతకుముందు చెప్పిన మూడు వాక్యాల సారాన్నంతా ఒక్క ‘దిస్’ మీద వేసి ముందుకు సాగడం నీ వ్యాసాల్లోనూ చూశాను. ‘దిస్’ పక్కన ఒక నామవాచకం పెట్టు: ఈ నిర్ణయం, ఈ అబద్ధం, ఈ ఆలస్యం. ఆ నామవాచకం ఏదో నీకే తోచకపోతే, ఆలోచన ఇంకా తేలలేదన్న మాట. వాన గురించో సమయం గురించో చెప్పే ‘ఇట్’కి మాత్రం యాంటిసిడెంట్ ఉండదు, దాని కోసం వెతకకు.

ఆడో మగో చెప్పని ఒక్క మనిషికి, అంటే ఏకవచనంలో, ‘దే’ వాడవచ్చా అని అడిగావు. వాడు. ఆ వాడుక 14వ శతాబ్దం నుంచే ఉంది. స్త్రీలకు కూడా ‘హి’నే సరిపోతుందని పట్టుబట్టిన కాలం ఒకటుంది; పురుషవాచక పదాల్లో స్త్రీలు కూడా చేరినట్టే భావించాలని 1850లో బ్రిటిష్ పార్లమెంటు చట్టాల కోసం ఒక నియమమే చేసింది. ఇప్పుడు గాలి మారింది. మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు 2019లో ‘దే’ని ఆ ఏటి పదంగా ప్రకటించింది. ‘ఎవ్రీవన్’ పక్కన క్రియ ఏకవచనంలో ఉంటుంది, దాన్ని సూచించే ‘దే’ పక్కన క్రియ బహువచనంలోనే ఉంటుంది. ఈ తేడా గుర్తుంచుకుంటే చాలు. అయితే ఒక్క మనిషీ ఒక గుంపూ కలిసి ఉన్న సన్నివేశంలో ఇద్దరికీ ‘దే’ వేస్తే పాత చిక్కే కొత్తగా మొదలవుతుంది. అక్కడ కూడా పేరే దిక్కు.

పేరు చెప్పకుండా ‘హి’తోనే కథ మొదలుపెట్టడం గురించి కూడా రాశావు. నాకు అభ్యంతరం లేదు, ఆ చోట ఒక్క మనిషే ఉన్నంతవరకు. రెండో మగమనిషి అడుగుపెట్టేలోగా మొదటివాడికి పేరు ఇచ్చెయ్యి. మిగిలిన పేజీల్లో నేను తడబడిన ప్రతి సర్వనామం కింద గీత గీసి పంపుతున్నాను.

ఆశీస్సులతో.