ఫార్మాట్ దాకా వెళ్లకండి, ముందు ఆ ఫైల్‌ని ఎవరు పట్టుకున్నారో చూడండి

వీడియో ఫైల్ డిలీట్ కొడితే "వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది" అని వస్తోందని, మీరైతే ఏమీ తెరవలేదని, సర్వీసు షాపులో ఫార్మాట్ చేయాలన్నారని అడిగారు. చేయించకండి. ఫార్మాట్ అనేది సర్వీసువాళ్లకు జిందా తిలిస్మాత్ లాంటిది, దగ్గుకీ అదే, కడుపునొప్పికీ అదే. ఒకసారి నాకూ అలాగే చెప్పి, సీ డ్రైవ్ ఒక్కటే అని, డీ డ్రైవ్ కూడా ఊడ్చేశారు. అందులో రెండు పెళ్లిళ్లు ఉన్నాయి. ఆ గొడవ మొదలుపెడితే మీ ప్రశ్న పక్కకు పోతుంది.

నాది నరసరావుపేటలో ఫొటో స్టూడియో. ఒక ఏడాది శ్రావణమాసంలో, మంచి ముహూర్తాల మధ్య ఊపిరాడని రోజుల్లో, ఒక పెద్దాయన మధ్యాహ్నం పూట వచ్చి కూర్చున్నారు. అంతకు మూడు నెలల ముందు వాళ్లమ్మాయి నిశ్చితార్థం మేమే తీశాం. సంబంధం తప్పిపోయిందట. ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మాకివ్వాల్సిన బాకీ డబ్బులు ముందే బల్ల మీద పెట్టి, "ఫొటోలు, వీడియోలు అన్నీ నా కళ్ల ముందే తీసెయ్ బాబూ" అన్నారు. ఎంతసేపు బాబాయ్ గారూ, ఒక్క నిమిషం అన్నాను. ఆ నిమిషం గంటన్నర పట్టింది.

మొదట వీడియోల దగ్గరే ఆగింది. మీకు వచ్చినట్టే ఫైల్ తెరిచి ఉందని మెసేజ్. కాకపోతే అందులో ప్రోగ్రామ్ పేరు కూడా వచ్చింది, కామ్ సరోగేట్ అని. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని "ఎవరతను?" అన్నారు. మనిషి కాదండీ, విండోస్‌లోనే ఉండే ప్రోగ్రామ్ అన్నాను. నిజంగానే అది ఇంకొకరి పని నెత్తిన వేసుకునే ప్రాసెస్. ఫోల్డర్ తెరవగానే వీడియోలకు చిన్న చిన్న బొమ్మలు కనిపిస్తాయి చూడండి, వాటిని తయారు చేసే పని చాలాసార్లు దీనిదే. ఏదైనా వీడియో తేడాగా ఉండి ఆ పని చెడితే మొత్తం ఎక్స్‌ప్లోరర్ కూలిపోకుండా పక్కన వేరుగా నడుపుతారు. అయితే ఒక్కోసారి బొమ్మ తీశాక కూడా ఫైల్‌ని వదలదు. మీరేమీ తెరవకపోయినా తెరిచి ఉందని రావడానికి, వీడియోల విషయంలో, నా అనుభవంలో నూటికి తొంభై కారణం ఇదే. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్‌లోకి వెళ్లి డీఎల్ఎల్‌హోస్ట్ అని ఉన్నదాన్ని (కామ్ సరోగేట్ అక్కడ ఆ పేరుతోనే కనిపిస్తుంది) ఆపేస్తే సరిపోతుంది. ఎక్స్‌ప్లోరర్ కుడిపక్క ప్రివ్యూ పేన్ పెట్టుకునే అలవాటుంటే అదీ మూసేయండి, అది కూడా ఇలాగే పట్టుకుంటుంది.

మెసేజ్‌లో పేరు రాకపోతే స్టార్ట్‌లో రిసోర్స్ మానిటర్ అని వెతకండి. సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ దగ్గర మీ ఫైల్ పేరులో ఒక ముక్క కొడితే ఎవరు పట్టుకున్నారో బయటపడుతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లదే పవర్‌టాయ్స్ వేసుకుంటే అందులో ఫైల్ లాక్‌స్మిత్ ఉంది, ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తే చాలు. యూట్యూబ్‌లో చూసి, ఏదో సైట్ నుంచి "అన్‌లాకర్" దింపుకోకండి. మా కుర్రాడు ఒకసారి దింపాడు. ఫైల్ పోయిందో లేదో గుర్తులేదు గానీ, బ్రౌజర్ తెరిస్తే రమ్మీ ప్రకటనలు మాత్రం నెల రోజులు వచ్చాయి.

సరే, వీడియోలు పోయాయి. ఫొటోల ఫోల్డర్ దగ్గర ఇంకో పేచీ. ఇక్కడ ఎవరూ తెరవలేదు. పేరు మరీ పొడుగ్గా ఉంది, పొట్టిది పెట్టుకోండి అని మెసేజ్. ఫొటో పేరు చూస్తే ఆరేడు అంకెలు, అంతే. సిస్టమ్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. ఊహూఁ. పెద్దాయన మొహం మారింది. "కాపీ ఏమైనా ఉంచుకున్నావా బాబూ?" అన్నారు మెల్లగా. లేదండీ అన్నాను. ఏసీ గదిలో చెమట పట్టడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. నా ఉద్యోగమే నమ్మకం మీద నడిచేది, అదీ ఆడపిల్ల ఫొటోల విషయంలో.

సంగతేమిటంటే, నేను కాపీ చేసినప్పుడు ఆ ఫోల్డర్ పేరు ఉత్త 14. మా కుర్రాడు తెలుగు టైపింగ్ కొత్తగా నేర్చుకుని, ఆ ఉత్సాహంలో లోపలి ఫోల్డర్లకు ఉంగరాలు మార్చుకోవడం, పెద్దల ఆశీర్వచనం, ఆల్బమ్‌కి సెలెక్ట్ చేసినవి అని ఒకదాంట్లో ఒకటి పేర్లు పెట్టాడు. ఆఖర్న పై ఫోల్డర్‌కి శుభలేఖ మొత్తం ఎక్కించాడు, రెండిళ్ల పేర్లు, కళ్యాణ మండపం, తిథితో సహా. విండోస్‌లో డ్రైవ్ అక్షరం నుంచి ఫైల్ పేరు దాకా దారి మొత్తం మామూలుగా 260 అక్షరాల లోపే ఉండాలి. తెలుగులో మనం ఒక అక్షరమనుకునేది దానికి రెండు, మూడు, నాలుగు. "నిశ్చితార్థం" కంటికి నాలుగక్షరాలు, విండోస్ లెక్కలో పన్నెండు. పై ఫోల్డర్ పేరు మార్చేటప్పుడు లోపల ఎంత లోతుందో చూడదు, ఒప్పేసుకుంటుంది. తర్వాత తీయబోతే అడ్డం పడుతుంది. 2016 నుంచి విండోస్ 10లో ఈ హద్దు ఎత్తేసే సెట్టింగ్ ఉంది గానీ, వాడే ప్రోగ్రామ్ కూడా దానికి తగ్గట్టు రాసి ఉండాలి. తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లే ఇందులో ముందు ఇరుక్కుంటారు, ఇంగ్లీషు ట్యుటోరియల్ వాళ్లకు ఈ బాధ ఏం తెలుసు?

పై ఫోల్డర్ పేరు మళ్లీ 14 చేశాను. షిఫ్ట్ నొక్కి డిలీట్ కొట్టాను. రెండువేల చిల్లర ఫొటోలు, నిమిషంలో ఖాళీ.

నేను ఊపిరి పీల్చుకున్నాను, పెద్దాయన పీల్చుకోలేదు. రెవెన్యూలో చేసి రిటైరైన మనిషి. "అడంగల్‌లో పేరు కొట్టేస్తే పొలం ఎక్కడికీ పోదుగా. ఇదీ అంతేనా?" అన్నారు. కంప్యూటర్ ముట్టుకోని మనిషి అంత సూటిగా అడుగుతారనుకోలేదు. అంతేనండీ అని ఒప్పుకున్నాను. మామూలు హార్డ్ డిస్క్‌లో డిలీట్ చేస్తే పట్టికలో ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది, ఇంకో ఫైల్ వచ్చి దాని మీద పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. రికవరీ సాఫ్ట్‌వేర్లు బతికేది దాని మీదే. ఎస్‌ఎస్‌డీల్లో డిలీట్ చేసిన చోటును ఖాళీ చేసుకోమని డిస్క్‌కే చెప్పే ట్రిమ్ అని ఒకటి ఉంటుంది, అక్కడ చాలావరకు నిజంగానే పోతుంది. నాది హార్డ్ డిస్క్. విండోస్‌లో సైఫర్ అనే కమాండ్ ఒకటుంది, ఖాళీ చోటంతా చెత్త రాసి నింపుతుంది. ఆయన ముందే దాన్ని మొదలుపెట్టి రాత్రంతా వదిలేశాను.

మీరు వదిలించుకోలేక బాధపడుతున్న ఫైల్ కనీసం కళ్ల ముందు ఉంది. నన్నడిగితే, పోయిందనుకున్న ఫైల్‌తోనే అసలు టెన్షన్. వారం తర్వాత గుర్తొచ్చింది, ఆల్బమ్ డిజైన్ కోసం అరవై ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో విజయవాడ పంపాం. పెద్దాయనకు లేదని చెప్పిన కాపీ అదే. డిజైన్ కుర్రాడికి ఫోన్ చేస్తే, "అప్పుడే తీసేశానన్నా" అన్నాడు. వాడి సిస్టమ్ ముందు కూర్చుని చూసినవాణ్ణి కాదు.